నొప్పుల నూనె

ముసఫ్ఫా, ఐకాడ్ క్యాంపు
2022 జనవరి

వదినా,

ఈ కవరు అంటించలేదు. అన్న కేసు తర్వాత మా క్యాంపులో మూత వేసినదేదీ ఎవరూ చేతికి తీసుకోవడం లేదు. సెలవు మీద పోయేవాడు మంచం మీద దుప్పటి పరుస్తాడు. ఎవరి పొట్లం వాళ్ళు అందరి ముందు విప్పాలి. వాడు వాసన చూసి, వేలుపెట్టి కెలికి, అప్పుడు బ్యాగులో పెట్టుకుంటాడు. ఈసారి పోయేది అమానుల్లా. మా గదివాడే, మెట్‌పల్లి మనిషే, అన్నతో ఒక పళ్ళెంలో తిన్నవాడే. వాడు కూడా "భాయ్, బురా మత్ మాన్" అని ఈ కాగితం దులిపి చూశాడు. చూడనీ. వాడికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవరాదు.

ఫోన్‌లో ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ అవ్వ కొంగున ఉంటుంది. మాట్లాడితే స్పీకర్ పెట్టి వాకిలంతా వినిపిస్తుంది. మెసేజ్ పెడితే పక్కింటి పిల్లను పిలిచి చదివిస్తుంది. తన పెద్ద కొడుకు మీద, పనిలో పెట్టుకున్న కఫీల్ ఏదో దొంగ కేసు పెట్టాడనే అవ్వ ఇంకా నమ్ముతోంది. గంజాయి అన్న మాట ఆమె చెవిన పడకూడదని నువ్వే నాతో ఒట్టు వేయించావు.

ఇప్పుడు చెప్పేది విను. మా ప్లాంటు ముదీర్, అంటే మేనేజరు, కెనడా మనిషి. సెలవుకు పోయి వచ్చాడు. నిద్ర పట్టడానికని అక్కడి దుకాణంలో ఒక నూనె సీసా కొన్నాడట. గంజాయి ఆకుతో చేసిన నూనె. అక్కడ మందుల కొట్లో దగ్గు సిరప్ పక్కనే పెట్టి అమ్ముతారట. ఎయిర్‌పోర్టులో దొరికింది. సీసా తీసుకున్నారు, మనిషిని వదిలేశారు. మర్నాడు ఆఫీసులో కాఫీ తాగుతూ నవ్వుకుంటూ చెబుతున్నాడు. నేను కిటికీ బయట ఇనుప దూలం దగ్గర గ్రైండర్ ఆపి బ్లేడు మారుస్తున్నాను. బ్లేడు చేతిలోనే ఉండిపోయింది.

శ్యాంప్రసాద్ గారని మా సేఫ్టీ ఆఫీసరు ఉన్నాడు, కాకినాడ ఆయన. పోయి అడిగాను. "చట్టం మారింది తమ్ముడూ. ఈ నెల నుంచే. తినేదో రాసుకునేదో మొదటిసారి తెలియక తెస్తే ఇప్పుడు లాక్కుని పడేస్తారంతే. మీ అన్నయ్య ఏడాది ముందు దిగాడు, అదీ ఖర్మ" అన్నాడు.

ఖర్మ అట! అన్న 2020 చివర్లో అదే ఎయిర్‌పోర్టులో దిగాడు. నాలుగేళ్ళు వేశారు. ముదీర్ నవ్వుతున్నాడు, అన్న నేల మీద పడుకుంటున్నాడు. ఒక్క ఏడాది తేడా.

శ్యాంప్రసాద్ గారికి తెలిసిన వకీలు ఉన్నాడు. ఆ సామాను ఎవరిదో వాళ్ళు ముందుకొచ్చి, ఇది నాది, అమ్మకానికి కాదు అని రాసి వేలిముద్ర వేస్తే జడ్జి ముందు మళ్ళీ పెట్టొచ్చట. ఎవరిదో మనకు తెలుసు. ఊళ్ళో దుబాయ్ పోయేవాళ్ళ కోసం అందరి పొట్లాలూ పోగేసి కట్టి ఇచ్చింది దుకాణం భీమయ్యే. వాడితో రాయించు. రాయనంటే నాకు చెప్పు. రాయించేవాళ్ళు నాకు ఊళ్ళో ఉన్నారు.

రాజమౌళి


చింతలపేట, మెట్‌పల్లి దగ్గర
2022 ఫిబ్రవరి చివర

చిరంజీవి మౌళికి, వదిన మాలతి రాసేది.

నీ ఉత్తరం అమానుల్లా బీడీ కార్ఖానా దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. ఆకు కత్తిరిస్తూ ఒడిలో పెట్టుకుని చదివాను. నువ్వు బాగున్నావని రాయలేదు. భోజనం ఎక్కడ చేస్తున్నావో రాయలేదు. నడుము నొప్పి తగ్గిందో లేదో రాయలేదు. 

మేము బాగున్నాం. పసుపు తవ్వడం అయింది, ఉడకబెట్టడం నడుస్తోంది. ఇల్లంతా పచ్చి పసుపు వాసన. అత్త నలుగురు ఆడవాళ్ళ పని ఒక్కతే చేస్తానంటుంది. రోజూ సాయంత్రం పెద్ద కొడుకు పేరు చెప్పి ఒకసారి కళ్ళు తుడుచుకుంటుంది, తర్వాత ఆ కఫీల్‌ను తిడుతుంది. అతని పేరు తెలియదు కాబట్టి ఆ దేశంలోని ఎడ్లను, ఒంటెలను కలిపి తిడుతుంది.

చట్టం మారిందంటే సంతోషం. కాని మౌళీ, తీర్పు అయిపోయిన కేసు. శిక్షలో ఏడాది పైనే అయిపోయింది. మీ అన్న ఓర్చుకున్నాడు, మనమూ ఓర్చుకుందాం. భీమయ్య జోలికి పోకు. ఆయన పొట్లాలు కట్టాడు గాని, లోపల ఏముందో ఆయనకు తెలియదు. నా మాట విను.

చిన్నోడికి జ్వరం వచ్చి తగ్గింది. నువ్వు పంపిన చెప్పులు వాడికి పెద్దవైనాయి, వచ్చే ఏడు సరిపోతాయి.

మీ వదిన
మాలతి


ముసఫ్ఫా
2022 ఏప్రిల్

మాలతి వదినకు,

చెప్పుల గురించి రాశావు, జ్వరం గురించి రాశావు, ఒంటెల గురించి రాశావు. అడిగినదానికి జవాబు రాయలేదు.

నీ మొగుడు లోపల ఉన్నాడు. నువ్వు దుకాణదారుణ్ణి వెనకేసుకొస్తున్నావు. ఊరు ఏమనుకుంటుందో నేను చెప్పాలా?

పోయిన శుక్రవారం అన్నను చూసి వచ్చాను. మధ్యలో అద్దం, ఇటొక ఫోన్ అటొక ఫోన్. జుట్టు నెరిసింది. నా కంటే తొమ్మిదేళ్ళు పెద్ద, ఇప్పుడు నాయిన లెక్క కనబడుతున్నాడు. కొత్త చట్టం గురించి చెప్పాను. ముదీర్ సంగతి చెప్పాను. నవ్వాడు. నవ్వితే నాకు మండింది.

"భీమయ్యతోని కాగితం రాయిస్తున్న" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "భీమయ్యను ఇడిసిపెట్టు మౌళీ. ఆయనది కాదు."

"మరి ఎవరిది?"

"బొంబాయిల రోడ్డు మీద హకీమ్ దగ్గర మందని కొన్న. కోర్టుల చెప్పిన గదా."

"నువ్వు బొంబాయిల దిగనే లేదు. హైదరాబాద్ నుంచి నేరుగా అచ్చినవ్. ఎవర్ని కాపాడుతున్నవ్?"

అన్న ఫోన్ పెట్టేశాడు. ఇంకా టైం ఉంది, అయినా లేచి లోపలికి పోయాడు. నేను అద్దం మీద కొట్టాను. గార్డు వచ్చి "ఖలాస్, ఖలాస్" అని భుజం పట్టి బయటికి పంపాడు.

నాకు అర్థమైంది. భీమయ్య ఏదో చెప్పి భయపెట్టాడు. పెళ్ళాం బిడ్డలు ఊళ్ళో ఉన్నారని అన్న నోరు మూసుకున్నాడు. నాకు పెళ్ళాం బిడ్డలు లేరు. క్యాంపులో మన మండలం వాళ్ళందరికీ చెప్పాను. వాళ్ళు ఇళ్ళకు ఫోన్లు చేశారు. ఇక నుంచి ఒక్కడు కూడా వాడి దుకాణంలో అగ్గిపెట్టె కొనడు. అప్పుడు వాడే వచ్చి వేలు పెడతాడు.

రాజమౌళి


చింతలపేట
2022 మే

రాజమౌళీ,

పొద్దున భీమయ్య భార్య మన వాకిట్లో నిలబడి ఏడ్చింది. బోరింగు దగ్గర ఎవరో ఆమె బిందెలో ఉమ్మారట. నీ ఫోన్లు చేసిన పని అది. నీకు సంతోషమేనా?

"ఊరు ఏమనుకుంటుందో" అని నాకు రాశావు. ఊరు నన్ను ఏమంటుందో నాకు తెలుసు. కార్ఖానాలో నా పక్కన కూర్చునే ఆమె పీట దూరం జరుపుకుంది. అత్త చెవిన పడకుండా గంజాయోని పెండ్లాం అంటారు. నేను రోజంతా పొగాకు చుడతాను, ఆ దుమ్ముకు దగ్గుతాను, నేను చుట్టిన కట్టల మీద ముద్ర వేసి బజారులో అమ్ముతారు. నన్ను అనే ఆడవాళ్ళూ అదే చుడతారు. ఇదంతా ఎందుకు భరిస్తున్నానో ఇప్పుడు చెబుతాను. చదివాక ఈ కాగితం చించెయ్.

ఆ సంచిలో దొరికింది పొట్లం కాదు. సీసా. నొప్పుల నూనె. మీ అవ్వ కాచిన నూనె.

నీకు నడుము పట్టేసిందని నువ్వే ఫోన్‌లో చెప్పావు. అది విని అత్త మీ అన్నతో పంపింది. నువ్వుల నూనెలో వెల్లుల్లి, వాము, పసుపు చేను గట్టు మీది ఆకు వేసి పొద్దంతా కాచింది. ఆ ఆకు ఏమిటో నీకు తెలుసు. నువ్వు పుట్టినప్పటి నుంచి ఆ మొక్కలు గట్టు మీదనే ఉన్నాయి. ఊళ్ళో ఆ నూనె రాసుకోని మోకాలు లేదు. సర్పంచ్ తీసుకుపోయాడు, బడి పంతులు తీసుకుపోయాడు, ఠాణాలో హెడ్డు తన తండ్రికి సీసా నింపించుకున్నాడు. దాన్ని గంజాయి అని ఎవరూ అనుకోలేదు. గంజాయి అంటే టీవీలో పోలీసులు చూపించే మూటలు. ఇది ఊరందరికీ మీ అవ్వ నూనె, సమ్మవ్వ నూనె. సీసా నేనే గుడ్డ చుట్టి సంచిలో పెట్టాను.

మీ అన్న పట్టుబడిన తర్వాత మొదటి ఫోన్ బీడీ కార్ఖానాకు చేసి నన్నే పిలిపించాడు. "నూనె సీసానే. అవ్వకు చెప్పకు, పాణం ఇడుస్తది. మౌళికి అసలే చెప్పకు, వాడు నోరు ఆపుకోడు" అన్నాడు. 

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే భీమయ్య ఇంటి మీదికి ఇంకెవరినీ తోలకుండా. ఇంకొకటి కూడా ఉంది. అత్త మళ్ళీ నూనె కాచింది. "జైల్ల కింద పండుకుంటడు, నడుం ఇరుగుతది, మౌళి కలవ పోయినప్పుడు ఇస్తడు" అని అమానుల్లా చేతికి సీసా ఇచ్చింది. అతను మూత తీసి వాసన చూస్తున్నాడు. నేను చల్లగా సీసా అందుకుని, "లీకవుతుంది, వేరే దాంట్లో పోసిస్తా" అని లోపలికి పోయి, అది పెరట్లో పారబోసి, ఉత్త నువ్వుల నూనె పోసి ఇచ్చాను. నీకు అందిన సీసా అదే. అత్త అడిగితే అన్న రాసుకున్నాడని, తగ్గిందని చెప్పు.

మాలతి


ముసఫ్ఫా
2022 జూలై

వదినా,

ఏప్రిల్ ఉత్తరంలో నీ మీద రాసిన మాటకు ఏమనాలో నాకు రాదు. నువ్వు చించమన్న కాగితాన్ని చించలేదు, నీకు మొన్న రాసి పంపకుండా ఉంచిన ఇంకో తిట్ల ఉత్తరాన్ని చించాను.

ఇక్కడ ఎండలకు మధ్యాహ్నం పని ఆపుతారు. ఆ వేళ మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఆలోచించాను. నా నడుము కోసం. నా నడుము కోసం అన్న లోపల ఉన్నాడు. అది తెలిసి కూడా అద్దం అవతల నన్ను చూసి నవ్వాడు.

కాని వదినా, నీ ఉత్తరం చదివాక నాకు కోపం తగ్గలేదు. పెరిగింది. భీమయ్య అయితే ఒక్కడు. ఇప్పుడు ఊరంతా. సర్పంచ్ మోకాళ్ళకు రాసుకున్నాడు కదా? హెడ్డు తండ్రి రాసుకున్నాడు కదా? మరి మా అన్నను గంజాయోడు అన్నప్పుడు ఒక్కడైనా "అరే, అది మనం రాసుకున్న నూనెనే" అన్నాడా? 

శ్యాంప్రసాద్ గారికి అంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఓరి నాయనోయ్, ఇంత గట్టి కేసు చేతిలో పెట్టుకుని ఇన్నాళ్ళూ హకీమ్ అనీ బొంబాయి అనీ కథలా? ఇంట్లో అమ్మ కాచిన నూనె! ఆవిడ చేత రాయించండయ్యా" అన్నాడు. వకీలు కూడా అదే అంటున్నాడు. కాచినామె తన నోటితో చెప్పాలి. వేలిముద్ర వేయాలి. అక్కడ సర్కారు ముద్ర పడాలి.

అన్నను మళ్ళీ కలిసి చెప్పాను. "అవ్వ పేరు కాగితం మీద పెట్టినవంటే నా తమ్మునివి కాదు" అన్నాడు. అనుకోనీ. బయటికి వచ్చి అనుకోనీ.

అవ్వకు చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను.

మౌళి


చింతలపేట
2022 ఆగస్టు

మౌళీ,

చెప్పను. నువ్వూ చెప్పకు.

అక్కడ చట్టం మెత్తబడింది, నిజమే. ఇక్కడ గట్టిపడింది, అది నీకు తెలియదు. ఇప్పుడు ఊరూరా జీపులు తిరుగుతున్నాయి. పెరట్లో ఒక్క మొక్క ఉన్నా కేసే. పక్క ఊళ్ళో పసుపు చేనులో నాలుగు మొక్కలు దొరికితే ఆ ముసలాయనకు సంకెళ్ళు వేసి ఫొటో తీసి పేపర్లో వేశారు. మన గ్రామపంచాయతీ ముందు పెద్ద బోర్డు పెట్టారు, గంజాయి లేని గ్రామం అని. దాని కింద నిలబడి ఫొటో దిగిన సర్పంచ్ మోకాలికి ఏ నూనె రాసుకున్నాడో నాకు తెలుసు.

నేను ఒక రాత్రి గట్టు మీది మొక్కలు పీకాను. అత్త పొద్దున చూసి, పశువులు తొక్కాయనుకుని, దాచిన విత్తనం మళ్ళీ చల్లింది.

ఆమె వేలిముద్ర వేసిందంటే అక్కడ కొడుకు బయటికి వస్తాడో లేదో, ఇక్కడ తల్లి లోపలికి పోతుంది. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటున్నావా? మీ అన్న ఎంచుకున్నాడు. ఆయన మాట ఆయనకు వదిలెయ్.

మాలతి


ముసఫ్ఫా
2022 సెప్టెంబరు

వదినా,

నిన్న అవ్వకు ఫోన్ చేసి చెప్పేశాను. 

ఆమె విన్నది. ఫోన్ కట్ చేసింది. మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు. ఎట్లా ఉందో రాయి.

అన్నను లోపల పెట్టి మనం అందరం మంచివాళ్ళ లెక్క ఊరుకుంటే నాకు అన్నం దిగలేదు. తప్పయితే తిట్టు.

మౌళి


చింతలపేట
2022 అక్టోబరు

మౌళీ,

తిట్టను. తిట్టే ఓపిక లేదు. జరిగింది రాస్తాను.

నీ ఫోన్ వచ్చినప్పుడు అత్త వాకిట్లో నువ్వులు చెరుగుతోంది. ఎప్పటిలాగే స్పీకర్ పెట్టింది. నువ్వు చెప్పింది నేనూ విన్నాను, పక్కింటివాళ్ళూ విన్నారు. ఫోన్ కట్ చేసి, చాట కింద పెట్టి, కొట్టం వెనక్కి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చి నా ముందు కూర్చుంది.

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే అత్తా."

"నా చేతి కూడు రెండేండ్లు తిన్నవ్. నా మొకం చూసుకుంట తిన్నవ్. చెప్పలే."

నేను కాళ్ళ మీద పడ్డాను. లేపలేదు, తన్నలేదు. లేచి పెట్టె తీసి, పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. "ఏలు ఏడ పెట్టాలెనో చూపియ్యి" అంది.

నేను ఆపలేకపోయాను. మెట్‌పల్లి తీసుకుపోతే అక్కడి వకీలు రాసి చదివి వినిపించాడు. "ఈ నూనె నేనే కాచిన. నా కొడుక్కు ఏం తెల్వది. నొప్పికి ఇచ్చిన, అమ్ముకానీకి కాదు." ఆమె బొటనవేలు గట్టిగా నొక్కింది. సిరా పారి పక్క గీత మీద కూడా పడింది. ఆ కాగితం పరదేశం పోవాలంటే ఆఫీసుల వెంట తిరగాలి, ఠాణా సంతకం కావాలి. ఠాణాకు పోయిన కాగితం ఊరికే ఉంటుందా? జీపు వచ్చింది. గట్టు మీద కొత్తగా మొలిచిన మొక్కలు పీకి, తూకం వేసి, సంచిలో కట్టారు.

వచ్చింది ఆ హెడ్డే. టోపీ తీసి చేతిలో పట్టుకుని "సమ్మవ్వా, నాకైతే మనసు లేదు. మీదికెళ్ళి ఆర్డర్" అన్నాడు.

అత్త జీపు ఎక్కుతూ అతణ్ణి అడిగింది: "మీ నాయిన మోకాళ్ళు ఎట్లున్నయ్ రా ఇప్పుడు?"

అతను టోపీ పెట్టుకుని జీపు ముందు సీట్లో ఎక్కాడు.

ఈ ఏడు బతుకమ్మ ఆమె జైల్లోనే చూసింది. కిటికీలోంచి పాట వినబడితే లోపల ఆడవాళ్ళతో చప్పట్లు కొట్టి ఆడిందట. బెయిల్ వచ్చింది. జమానత్ ఎవరు నిలబడ్డారో తెలుసా? భీమయ్య. నేను అడగలేదు. ఆయనే తన భూమి పాసుబుక్కు తెచ్చి కోర్టులో పెట్టాడు. నేను చేతులు జోడిస్తే, "పెట్టకపోతే ఈసారి కూడా నా మీదనే పడేస్తరు గదమ్మా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని కళ్ళు నవ్వలేదు. నువ్వు ఆయనకు ఒక ఉత్తరం రాయాలి. నా చేత చెప్పించకు.

మాలతి


ముసఫ్ఫా
2023 మార్చి

వదినా,

భీమయ్యకు వేరే కాగితం రాశాను. అమానుల్లా తమ్ముడి చేతికి ఇచ్చాను, ఆయనకే ఇమ్మన్నాను. అందులో ఏమి రాశానో అడగకు.

ఇది అందేసరికి అన్న ఇంట్లో ఉంటాడు. రంజాన్ ముందు ఇక్కడి సర్కారు ఖైదీలను క్షమించి వదిలిపెడుతుంది. ఆ లిస్టులో అన్న పేరు వచ్చింది. జైలు నుంచి నేరుగా విమానం ఎక్కించారు. నాకు ఒక్క ఫోన్. "పోతున్న" అన్నాడు. అంతే. అవ్వను పట్టుకుపోయారని నేను చెప్పిన రోజు నుంచి అన్న నాతో మాట్లాడలేదు. ఆ రోజు ఫోన్ హుక్కుకు తగిలించి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. టైం అయ్యేదాకా వీపే చూశాను.

నేను సంబరంగా శ్యాంప్రసాద్ గారి దగ్గరికి ఉరికాను. "సార్, మన కాగితం పని చేసింది" అన్నాను. ఆయన వకీలుకు ఫోన్ చేశాడు. చాలాసేపు విన్నాడు. ఫోన్ పెట్టి, అద్దాలు తుడుచుకుని అన్నాడు: "తమ్ముడూ, మన కాగితానికి ఇంకా నంబరు కూడా పడలేదట. కట్ట విప్పనే లేదట. మీ అన్నయ్య వదిలింది క్షమాభిక్షలో. ఆ కాగితం లేకపోయినా వదిలేవాళ్ళే."

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు.

నేను బయటికి వచ్చి యార్డులో పని చేసుకున్నాను. ఎవరితోనూ గొడవ పడలేదు. వదినా, నాకు కోపం రావడం లేదు. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియడం లేదు. అవ్వను నేనే తీసుకుపోయి జీపు ఎక్కించాను. ఉత్త పుణ్యానికి.

మౌళి


చింతలపేట
2023 జూన్

మౌళీ,

మీ అన్న వచ్చాడు. పొద్దున్నే చీకటి ఉండగానే లేచి, గోడ పక్కన వరుసలో నిలబడ్డట్టు నిలబడతాడు, ఎవరో లెక్కపెడతారని. చిన్నోడు దగ్గరికి రావడానికి పదిసార్లు ఆలోచించాడు. ఇప్పుడు మెడ మీద ఎక్కుతున్నాడు. బయట ఎవరూ పని ఇవ్వడం లేదు. మేస్త్రీ ఒకడు ముఖం మీదే అన్నాడు, "గంజాయి కేసోడు వద్దు, మా పోరగాళ్ళున్నరు" అని. అక్కడివాళ్ళు క్షమించారు, ఇక్కడివాళ్ళు ఇంకా శిక్ష వేస్తున్నారు.

అత్త మాత్రం వెలిగిపోతోంది. కనబడిన ప్రతివాళ్ళకూ బొటనవేలు చూపిస్తుంది. "ఇగో, ఈ ఏలు పెట్టిన, నా కొడుకు అచ్చిండు" అంటుంది. కోర్టు వాయిదాకు పోతే అక్కడ చెట్టు కింద కూర్చున్న వేరే ఊరి ఆడవాళ్ళకు కూడా చూపించింది. నీ మార్చి ఉత్తరంలోది నేనూ మీ అన్నా ఆమెకు చెప్పలేదు. ఎట్లా చెబుతాం?

కాని ఇప్పుడు చెప్పక తప్పడం లేదు. మన వకీలు ఒక దారి చెప్పాడు. గట్టు మీది మొక్కలు ఎవరివైనా కావచ్చు. అవి ఆమెవని చెప్పేది ఆ నూనె కాగితం ఒక్కటే. కోర్టులో "చదువురానిదాన్ని, ఏం రాసిన్రో తెల్వది, ఏలు పెట్టమంటే పెట్టిన" అంటే చాలు, కేసు నిలవదు. లేకపోతే ఈ వయసులో శిక్ష పడుతుంది.

అత్త వినడం లేదు. "నాది కాదంటే నా కొడుకును మళ్ళ పట్టుకపోతరు. నేను అనను" అంటోంది. మీ అన్న కాళ్ళు పట్టుకుని చెప్పాడు, నన్ను మళ్ళీ ఎవరూ తీసుకుపోరని. "నీకు ఎరుక లేదు కొడుకా, కాగితం ఇడిస్తే మనిషిని పడతరు" అంది.

నిన్న రాత్రి మీ అన్న నాతో అన్నాడు: "మౌళితోని చెప్పియ్యి. వాడు ఉన్నది ఉన్నట్టు అంటడని అవ్వకు నమ్మకం. వాడు చెప్తేనే వింటది." ఇంతకాలానికి నీ పేరు ఎత్తాడు.

నువ్వే చెప్పు మౌళీ. ఆ కాగితం ఎవరూ విప్పలేదని చెప్పు. వాయిదా వచ్చే నెల.

మాలతి


ముసఫ్ఫా
2023 జూలై

వదినా,

చెప్పాను. నువ్వు పక్కన లేవు, కార్ఖానాకు పోయావట, అందుకే రాస్తున్నాను.

కట్ట విప్పలేదని చెప్పాను. నంబరు పడలేదని చెప్పాను. రంజాన్ క్షమాభిక్ష అని, వేలిముద్రకూ అన్న రావడానికీ సంబంధం లేదని, అరిచి చెప్పాను. అమానుల్లాను పక్కన కూర్చోబెట్టుకుని వాడితో కూడా చెప్పించాను. వాడు ఖురాన్ మీద ఒట్టు వేశాడు.

అవ్వ అంతా విన్నది. తర్వాత నవ్వింది. "నన్ను బయట పడేసేతందుకు ఇద్దరు కలిసి మంచి కథ అల్లిన్రు రా" అంది.

"కథ కాదే అవ్వా. ఒట్టు."

"అప్పుడు నిజం చెప్పినప్పుడు నీ గొంతు గిట్ల లేకుండె. అప్పుడు కోపంగ ఉండె. ఇప్పుడు బతిమిలాడుతున్నవ్. అబద్ధమాడేటోడే బతిమిలాడుతడు."

నేను ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాను. 

"జడ్జి అడుగుతే నాదే అంట. నేనే కాచిన అంట. మీ అన్న మనసుకు మబ్బు పట్టినట్టున్నది, వాన్ని జర చూసుకోమను మాలతిని" అంది. కొంచెం ఆగి, గొంతు తగ్గించి అడిగింది. స్పీకర్ తీసేసినట్టుంది, వాకిలి చప్పుడు ఆగిపోయింది.

"నీ నడుం ఎట్లుంది బిడ్డా?"

పోయిన వారం నుంచి వంగలేకపోతున్నాను వదినా. దూలాలు మోస్తుంటే కాలు దాకా లాగుతోంది. పక్క మంచం పట్టుకుని లేస్తున్నాను. ఫోన్ మాట్లాడుతున్నప్పుడు కూడా నిలబడే మాట్లాడాను.

"నొస్తలేదే అవ్వా. మొత్తం తగ్గింది" అన్నాను.

వెంటనే నమ్మింది.

మౌళి